అరిగిపోతాయని దాచిన కేసెట్లు

సన్యాసిరాజు చెవికి గాజువాకలో ఒకప్పుడు మహా పేరు. ఆయన పనిచేసిన రోలింగ్ మిల్లు పెద్దదేం కాదు. ఎర్రగా కాలిన ఇనప దిమ్మెల్ని సాగదీసి చువ్వలు చేసే చిన్న ప్రైవేటు మిల్లు. ఆ రొదలో పక్కవాడు తిట్టినా తెలియదు. అలాంటి చోట నిలబడి, తోటి పనివాడితో "బావా ఎల్లారావూ, ఆ మూలనున్న బేరింగు ఏడుస్తంది, మిసను ఆపు" అనేవాడు. విప్పి చూస్తే బేరింగు పోయే ఉండేది. చెవుల్లో పెట్టుకోమని మిల్లువాళ్లు రబ్బరు బిరడాలు ఇచ్చారు. అందరూ పెట్టుకున్నారు, ఈయన మాత్రం జేబులో వేసుకు తిరిగాడు. బిరడాలు పెట్టుకుంటే మిల్లు మాట ఎలా వినపడుతుందని ఆయన వాదన. నలుగురూ పొగిడారు. ఆ పొగడ్తలకు పొంగిపోయి ముప్పై నాలుగేళ్లు రెండు చెవులూ మిల్లుకు ధారపోశాడు వెర్రిబాగులాయన.

ఆ చెవికి తగ్గట్టే పాటల పిచ్చి. చిన్నప్పుడు శృంగవరపుకోట దగ్గర పల్లెలో వీధికంతటికీ ఒకటే రేడియో, అదీ మునసబుగారింట్లో. గోడ అవతల నిలబడి వింటూంటే, పాట మంచి పట్టులో ఉండగా లోపల ఎవరో టక్కున కట్టేసేవారు. ఎందుకు కట్టేశారని అడిగే హక్కు గోడ అవతలివాడికి ఎక్కడుంటుంది? ఎప్పటికైనా నా పాటలు నా ఇంట్లో ఉండాలి, వాటిని కట్టేసేవాడు ఇంకొకడు ఉండకూడదు అనుకున్నాడు. జీతం చేతికొచ్చాక అదే పని మీద ఉన్నాడు. హార్బరు దగ్గర, ఓడల్లో వచ్చిన ఫారిన్ సరుకు అమ్మే కొట్లో టేప్ డెక్కు కొన్నాడు. ఖాళీ కేసెట్లు పట్టుకుని, పాటల చీటీ రాసుకుని, ద్వారకా నగర్‌లో రికార్డింగు షాపుకు వెళ్లేవాడు. సన్నాయి కచేరీలు, నాటకాల పద్యాలు, హరికథలు, సినిమా పాటలు, అన్నీ కలిపి ఎనిమిది వందల పైచిలుకు కేసెట్లు. ఇంట్లో ఉన్న రెండు గదుల్లో ఒక గది వాటిదే.

మరి అవన్నీ విన్నాడా అంటే, అక్కడే ఉంది తిరకాసు. కేసెట్టు ఇంటికి రాగానే ఒక్కసారి విని, పాట సరిగ్గా ఎక్కిందో లేదో చూసుకుని, ప్లాస్టిక్ కవరు చుట్టి బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. తిప్పితే టేపు అరిగిపోతుందట. రిటైరయ్యాక తీరిగ్గా అన్నీ వింటాడట. భార్య మహేశ్వరి కొత్త కాపురంలో, వంట చేసుకుంటూ వింటాను ఏదో ఒకటి పెట్టండి అని అడిగింది. "అరిగిపోతాయే" అన్నాడు. నాలుగైదుసార్లు అడిగి ఆవిడ మానుకుంది. కూతురు ధనశ్రీ పదో తరగతిలో స్కూల్లో డాన్సుకని ఒక్క కేసెట్టు అడిగి ఏడ్చింది. దానికీ అదే జవాబు. చివరికి ఆ పిల్ల డాన్సు మానేసి, చప్పట్లు కొట్టేవాళ్లలో కూర్చుంది.

మొత్తానికి రిటైరయ్యాడు. మూడో రోజున స్నానం చేసి, ఉతికిన లుంగీ కట్టుకుని, మొదటి కేసెట్టు విప్పి పెట్టాడు. పాట ఎక్కడో నాలుగు గోడల అవతల పాడుతున్నట్టు వచ్చింది. సన్నాయి అయితే అసలు రానే లేదు, తాళం దెబ్బలు మాత్రం డబ్ డబ్ మన్నాయి. డెక్కు పాడైందనుకుని తుడిచాడు. స్పీకర్లు మార్చాడు. వారం తిరిగేసరికి సంగతి బోధపడింది. పాడైంది డెక్కు కాదు. ఆ రోజు ఆయన గది తలుపు వేసుకుని గుక్కపట్టి ఏడ్చాడు, ఎవరికీ చెప్పలేదు. బేరింగు ఏడుపు పట్టిన మొనగాడు నాకు చెవుడని ఏ నోటితో చెప్పుకుంటాడు? మనుషుల పెదాలు చూసి మాట అందుకోవడం నేర్చుకున్నాడు. అందనప్పుడు "ఆఁ, ఆఁ" అనేవాడు. రోజూ గదిలో కూర్చుని డెక్కు మీద పాట హెచ్చుతగ్గులకు ఊగే ముల్లును చూసేవాడు. ఈయన ఇన్నాళ్లకు సుఖపడుతున్నాడు కదా అని మహేశ్వరి తలుపు దగ్గర చప్పుడు చేయకుండా నడిచేది.

ఇంతలో ధనశ్రీకి ఏడో నెల వచ్చింది. తొలి కాన్పు, పుట్టింట్లోనే జరగాలి. పిల్లకీ పసిగుడ్డుకీ గది కావాలి. ఒక ఆదివారం ధనశ్రీ అనకాపల్లిలో అత్తవారింటి నుంచి వచ్చి నెమ్మదిగా మాట కదిపింది.

"నాన్నా, ఈ పాటలన్నీ ఫోన్లో ఉన్నాయి. ఏ పాటంటే ఆ పాట, సిటికెలో వొత్తాది. ఈ కేసెట్లు ఎవరికైనా ఇచ్చీ."

"ఫోన్లో పాట నీదేటే? ఆడెవడిదో. ఆడికి కోపమొత్తే రేపు తీసీగల్డు" అన్నాడు సన్యాసిరాజు. ఆ మాటలో తప్పేం లేదు. అక్కడితో ఆగినా బాగుండేది. "అయినా అదీ ఒక సౌండేటి? నీళ్ల మజ్జిగ. నా కేసెట్టు గెడ్డ పెరుగు. నా సెవికి తెలీదేటి?"

"అయితే పందెం" అంది ధనశ్రీ నవ్వుతూ. "నువ్వు గోడకేసి తిరుగు. ఒకే పాట మూడుసార్లు పెడతాను. ఏది ఫోనో ఏది కేసెట్టో సెప్పు. సెప్పీసావా, గది నీదే. నాను హాల్లో పడుకుంటాను."

పరువు మాట వచ్చాక వెనక్కి తగ్గుతాడా? గోడకేసి తిరిగాడు. ధనశ్రీ ఏరి ఏరి తన డాన్సు పాట కేసెట్టే తీసింది. పక్కింట్లో పరీక్షల పిల్లలున్నారని సౌండు కాస్త తగ్గించింది. మొదట ఫోను పెట్టింది. ఆయన తల ఊపుతూ, "ఇదీ! ఇదీ కేసెట్టంటే" అన్నాడు. రెండోసారీ ఫోనే పెట్టింది. "ఇది ఫోను. నీళ్ల మజ్జిగ" అన్నాడు. మూడోసారి డెక్కు మీట నొక్కింది. ఏళ్ల తరబడి చుట్టి పడున్న టేపు, సముద్రపు తేమకు బూజు పట్టి ఉంది. చక్రం ఒక్క చుట్టు తిరిగి బిగుసుకుపోయింది. గదిలో చప్పుడన్నది లేదు. ధనశ్రీ అయ్యో అనబోయింది.

గోడకేసి నిలబడ్డ సన్యాసిరాజు కళ్లు మూసుకుని, వేళ్లతో తొడ మీద తాళం వేస్తూ, "ఇదిగో, ఇది మళ్లీ కేసెట్టు. గొంతు సూడు, ఎంత నిండుగుందో" అన్నాడు.

మహేశ్వరి చీర కొంగు నోట్లో కుక్కుకుంది. తల్లీకూతుళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ధనశ్రీ కళ్లు తుడుచుకుని, తండ్రి ముందుకు వచ్చి, "నువ్వే గెలిసావు నాన్నా. గది నీదే" అంది.

ఆయన వెనక్కి తిరిగాడు. బిగుసుకుపోయిన చక్రం కనపడింది, భార్య మొహం కనపడింది. అంతా అర్థమైంది. అప్పుడైనా నిజం చెబితే కూతురు మెడ చుట్టూ చేతులు వేసి ఉండేది. ఆయన నోటికి వచ్చింది ఒక్కటే మాట, "సెప్పానా?"

మహేశ్వరికి ఒళ్లు మండిపోయింది. ఆయనకు ఎదురుగా వచ్చి నిలబడి, ఒక్కో మాటా పెదాల మీద కనపడేలా అంది. "ఆగిపోయిన కేసెట్టుకి మార్కులేసారు కదండీ! మీకు ఇనపడదని నాకు సెప్పుంటే నాను నవ్వుతానా? ముప్పై రెండేళ్లు ఎనిమిదొందల కేసెట్ల పక్కన కాపరం సేసాను. ఈ ఇంట్లో నాను ఇన్న మొదటి పాట ఏదో తెలుసా? అమ్మడు ఫోను కొనిచ్చాక, ఇదిగో, ఈ ఫోన్లో ఇన్నాను. మీ సెవులు బాగున్నన్నాళ్లూ మాకు పెట్టనేదు, మీ సెవులకీ పెట్టుకోనేదు. ఎవుళ్ల కోసం దాసారండీ ఇయన్నీ?"

ఆయన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. సాయంత్రం బస్సుకు ధనశ్రీ అనకాపల్లి వెళ్లిపోయింది. తొలి కాన్పు అత్తవారింట్లోనా అని చుట్టాలు బుగ్గలు నొక్కుకున్నారు. నెలలు నిండగానే మహేశ్వరి రెండు చీరలు సంచిలో పెట్టుకుని తనూ అక్కడికే వెళ్లింది. "నానూ వొత్తాను" అనడానికి ఆయనకు మొహం చెల్లలేదు. వండుకున్నదేదో తింటూ, కేసెట్ల గదిలో ఒక్కడే ఉన్నాడు.

ఒక పొద్దున్న ఫోను తెర వెలిగి వీడియో కాల్ వచ్చింది. వియ్యపురాలు నారాయణమ్మ ఫోను పట్టుకుంది, వెనక మహేశ్వరి నిలబడి ఉంది. తెల్లటి గుడ్డలో, ఎర్రగా, గుప్పెడంత పసిగుడ్డు. కళ్లు మూసుకుని, చిగుళ్లు కనపడేంత నోరు తెరిచి ఏడుస్తోంది.

"గుంట పుట్టింది అన్నయ్యగారూ! మీ పోలికే. ఏడుపు ఇన్నారా? వీదంతా ఇనపడతంది" అని వియ్యపురాలి పెదాలు అన్నాయి.

ఆఁ, ఆఁ అనడానికి నోరు అలవాటుగానే తెరుచుకుంది. మనవరాలి నోటికేసి చూశాడు.

"నేదమ్మా, నాకేటీ ఇనపడనేదు" అన్నాడు.

"సిగ్నలు నేదేటండీ? ఓసారి బయటికి రండి."

"సిగ్నలు బాగానే ఉంది సెల్లెమ్మా. నా సెవులే నేవు."

మహేశ్వరి ముందుకు వచ్చి ఫోను తన చేతిలోకి తీసుకుంది. పిల్ల మొహానికి దగ్గరగా పట్టి, అలాగే నిలబడింది. పిల్ల ఏడుపు ఆపేదాకా ఆయన చూస్తూ కూర్చున్నాడు.