వాన మాట, బర్రె మాట

మొన్న మహబూబాబాద్ స్టేషన్లో జనగామ బండి కోసం కూర్చుంటే, బండి ఆలస్యంగా నడుస్తోందనీ, కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామనీ ఆ యంత్రపు గొంతు మూడు భాషల్లో మార్చి మార్చి చెబుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. సాగనంపడానికి వచ్చిన మా అమ్మాయి "బండి లేటయితే గంత కోపమెందుకమ్మా" అంది గానీ, నా కోపం బండి మీద కాదు. యాభై ఏళ్లు దాటినా చల్లారని పాత కోపం అది, ఆ పొద్దున మనవరాలి బళ్లో మళ్లీ రగిలింది.

తొలి తెలంగాణ ఉద్యమం నాటికి మీరూ నాలాగే బళ్లో ఉండి ఉంటే, ఆంధ్రా వైపు నుంచి వచ్చిన సార్లు మీకూ గుర్తుంటారు. వాళ్లలో మంచివాళ్లు లేరని అనను. జనగామలో మా తొమ్మిదో తరగతి ఇంగ్లీషు సారు మాత్రం ఆ లెక్కలోకి రాడు. పాఠం మాత్రం ఎంత బాగా చెప్పేవాడో, ఒప్పుకోవాలంటే ఇప్పటికీ నాకు కష్టంగా ఉంటుంది. హియర్‌కూ లిజన్‌కూ, బారోకూ లెండ్‌కూ తేడా ఆయన చెబితే జన్మకు మరిచిపోరు. రిగ్రెట్ అన్నా, అపాలజైజ్ అన్నా మాకు ఒకటే అనిపించేది. వానకు పొరుగువాడి పంట పోతే అయ్యో అనుకోవడం రిగ్రెట్, నీ గేదె వెళ్లి వాడి పంట మేస్తే వాడి ముందు తలవంచి తప్పయిందనడం అపాలజైజ్ అని ఆయన చెప్పాక ఆ తికమక ఎవరికీ మిగల్లేదు.

నేను మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేదాన్ని. మా బాపు నెలకోసారి దేవరుప్పుల నుంచి బియ్యం తెచ్చి, అత్త ఇంట్లో దింపి, నన్ను చూడటానికి బడికి వచ్చేవాడు. ఒకసారి తరగతి గుమ్మంలో నిలబడి, చేతులు కట్టుకుని, "సారూ, మా పిల్లకు ఇంగిలీసు జర ఎక్కుతలేదంట, జర సూడున్రి" అన్నాడు. సారు ఆ మాటలను ఆ గొంతుతోనే మళ్లీ పలికి చూపించి, "ఇది ఏ భాషరా, తెలుగేనా?" అని తరగతిని అడిగాడు. అందరూ నవ్వారు. సారు ఏదో సరదా మాట అన్నాడనుకుని బాపు కూడా నవ్వాడు. ఆ నవ్వే నన్ను ఇప్పటికీ వదలదు.

సంగతేమిటో గడప దాటాక గాని బాపుకు అర్థం కాలేదు. "పోనీ బిడ్డా, సారు గద" అని వెళ్లిపోయాడు గానీ, మరుసటి నెల వచ్చినప్పుడు బడి లోపలికి రాలేదు, రోడ్డుకు అవతలి పక్క నిలబడి నా కోసం చూశాడు. అది చూసి మేనత్త కొడుకు, అంటే మా బావ, ఉడికిపోయాడు. అప్పటికే ఊరంతా జై తెలంగాణ అని మారుమోగుతోంది. బావ తన జట్టుతో బడి గేటుకు అడ్డం నిలబడి, మా మామను క్షమాపణ అడిగితేనే సారు లోపలికి పోవాలన్నాడు.

పెద్దసారు బతిమాలితే ఇంగ్లీషు సారు ముందుకు వచ్చి, జరిగినదానికి ఐ రిగ్రెట్ అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు, బావ కూడా దారి వదిలాడు. నా నోరు మాత్రం ఆగలేదు. "సార్, మీరు చెప్పింది వాన మాట. మాకు బర్రె మాట గావాలె" అన్నాను.

ఆయన మొహం మాడిపోయింది. "ఆ మాట నేను అనను" అని సైకిల్ తిప్పుకుని వెళ్లిపోయాడు. కొన్నాళ్లకే బళ్లు మూతబడ్డాయి, ఆయన తన ఊరికి పోయాడు, మళ్లీ రాలేదు. బాపు బతికినన్నాళ్లూ మళ్లీ ఏ బడి గడపా తొక్కలేదు, నా కొడుకును బళ్లో వేసిన రోజున కూడా.

మొన్న మనవరాలి బళ్లో తల్లిదండ్రుల మీటింగులో, మరిపెడ వైపు తండా నుంచి వచ్చిన ఒక లంబాడా తల్లి, ఇంట్లో మాట్లాడని తెలుగును కూడదీసుకుని బిడ్డ చదువు గురించి అడిగింది. టీచరమ్మ ఆ తల్లి యాసను పక్క టీచరుకు పలికి చూపించి నవ్వింది. ఎక్కడి మనిషో అనుకునేరు, మా జనగామ పిల్లే. నేను లేచి తప్పని చెబితే, ఫోన్లోంచి తల ఎత్తకుండా "సారీ ఆంటీ" అంది.

"నాకు గాదు, ఆమెకు జెప్పు. గది రిగ్రెట్టా, అపాలజీనా?" అని అడిగాను.

"రెండూ ఒకటే కదా ఆంటీ!"

ఆ సారును నేను క్షమించలేదు, క్షమించను కూడా. కానీ ఆ మాట బరువు తెలిసిన మనిషి గనకే ఆయన దాన్ని నోట్లోంచి రానివ్వలేదు. రాష్ట్రం వచ్చింది, బడి మనది, టీచరూ మన పిల్లే. ఇప్పుడా మాట అందరి నోటా తేలిగ్గా వస్తోంది, ఎవరికీ అందడం లేదు. ఆ పొద్దున నేను బడి బయటికి వచ్చేసరికి ఆ తల్లి రోడ్డుకు అవతలి పక్క నిలబడి బిడ్డ కోసం చూస్తోంది.