అర అంగుళం ఖాళీ

బర్ర్... బర్ర్... ట్రేసింగ్ కాగితం మీద బ్లేడు గీరుతున్న చప్పుడు వరండా దాకా వినిపించింది. ఎండిన ఆకుల వాసన నిండిన గదిలో, కిటికీ వెలుగుకు వంగి, భాగీరథమ్మ తాను గీసిన కాడలో అర అంగుళం చెరిపేస్తోంది.

అది 1978. మొక్కల పరిశోధనాలయంలో, ఎండబెట్టి అట్టకు అంటించిన మొక్కలకు బొమ్మలు గీయడం ఆమె పని. ఏడేళ్లుగా తాత్కాలికమే. ఉద్యోగం ఖాయం చేసే కాగితం డాక్టర్ ఆవులప్ప సంతకం కోసం ఎదురుచూస్తోంది. ఈ మొక్కా ఆయన తెచ్చిందే. ఎవరికీ తెలియని కొత్త జాతి అని, తన గురువు పేరు పెట్టబోతున్నాడు.

మొక్కను అట్టకు పట్టి ఉంచిన కాగితం పట్టీ కింద కాడ కొంచెం దాగి ఉంది. అలవాటుకొద్దీ అక్కడ కలిపి గీసేసింది. తర్వాత నూగు గీస్తుంటే చెయ్యి ఆగింది. పట్టీకి పైన నూగు కిందికి వాలి ఉంది. పట్టీకి దిగువన కాడ ఏటి రాయిలా నున్నగా ఉంది. కళ్లు వందసార్లు చూసి వదిలేసినదాన్ని కలం ముల్లు పట్టుకుంది. పట్టీ కింద కలిసినట్టు కనిపిస్తున్నవి రెండు వేరు మొక్కలు.

చప్పుడు విని ఆవులప్ప వచ్చాడు.

"పట్టీ ఎత్తి చూద్దాం సార్."

"ఎత్తేది లేదు. కలిపి గియ్యి."

"కలిసినట్టు నాకు కనపళ్ళేదు సార్."

"గీసేది నీ పని, ఆలోచించేది నాది. ఇదేమన్నా మీ బళేపేట గాజుల అంగడా?"

"మా అంగట్లో అతుకు గోటితో తడమందే గాజు తొడగం సార్. చెయ్యి కోసుకుంటాది."

ఆయన మొహం మాడింది. ఆమె ఖాళీ వదిలిన బొమ్మనే బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. మరునాడు ఇంకొకడు ఆ ఖాళీని సిరాతో పూడ్చాడు. బొమ్మ పత్రికలో అచ్చయింది. ఖాయం కాగితం చెత్తబుట్టకు పోయింది. ఆమెను మొక్కల అట్టలకు పేరు చీటీలు రాసే బల్లకు తోశారు. ఎనిమిదేళ్లు, లేని ఆ మొక్క పేరును కూడా పళ్లు కొరుకుతూ రాసింది.

1986లో, బళేపేటలో ఆమె ఇంటి మేడ మీద, ఆమె గురించి రాయాలని వచ్చినవాడు అడిగాడు: "గీసేసుంటే ఏం పోయేదమ్మా? ఒక్క గీతే కదా!"

"ఒక్క గీతేనా? ఆ గీతను చూసే అందరూ అట్లాంటి మొక్కొకటి ఉండాదని నమ్మినారు. పట్టీ ఎత్తి చూసినోడు ఒక్కడూ లేడు. నువ్వూ చూడనిది చూసినట్టు కలిపి రాసినావంటే, మళ్ళీ ఈ మెట్లు ఎక్కొద్దప్పా. ఇంక లెయ్, పో."