మా మామయ్య అగ్గిపెట్టె, పక్కింటి కంచె

లోకంలో ఎవరైనా వస్తువు కొనేముందు ధర అడుగుతారు, మన్నిక అడుగుతారు. మా మామయ్య "ఇది కాలుతుందా?" అని అడుగుతాడు. అడిగి ఊరుకుంటే ఆయన గురించి నేను రాయనక్కర్లేదు. ఎదుటివాడి జవాబు మీద నమ్మకం లేక చొక్కా జేబులోంచి అగ్గిపెట్టె తీస్తాడు. ఆయన జన్మలో చుట్ట గానీ సిగరెట్టు గానీ ముట్టలేదు. అయినా నెలకు డజను అగ్గిపెట్టెలు అయిపోతాయి. వీధిలో అందరూ ఆయనకు అగ్గిపుల్ల అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, పట్టించుకోడు.

ఆయన మా మేనత్త భర్త. బీమా కంపెనీలో ముప్ఫై ఏళ్ళు పనిచేశాడు. ఎక్కడ ఇల్లు కాలితే అక్కడికి వెళ్ళి, ఎలా కాలిందో చూసి రిపోర్టు రాయడం ఆ ఉద్యోగం. ఉద్యోగం అయిపోయింది కానీ చూపు మారలేదు. మనకు సోఫా కనబడుతుంది, ఆయనకు అది తగలబడ్డాక మిగిలే స్ప్రింగులు కనబడతాయి. అందుకే ఆయన ఇంట్లో సోఫా లేదు, కర్టెన్లు లేవు, చెక్క అన్న మాటే లేదు. మా అత్తయ్య పుట్టింటి నుంచి తెచ్చుకున్న బీరువా కూడా బయటికి పోయింది. కుర్చీలన్నీ ఇనుపవి. ఇరవై ఏళ్ళుగా అత్తయ్య వాటి మీదే కూర్చుని, "వేసవిలో కాలతాయి, చలికాలంలో కొరుకుతాయి. ఎవరితో చెప్పుకోను?" అని నాతో చెప్పుకుంటుంది.

మా అక్క పెళ్ళిలో ఆయన చేసిన ఘనకార్యం మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ ఎత్తరు. వియ్యంకుడుగారు కొత్త కోటు వేసుకుని వచ్చారు. "అసలు సిసలు ఉన్ని బావగారూ" అని మా నాన్నతో అన్నారు. పక్కనే మామయ్య ఉన్నాడు. చేతి అంచున వేలాడుతున్న పోగు ఒకటి తెంపి, అగ్గిపుల్ల గీసి, కాల్చి, వాసన చూశాడు. "ఉన్ని కాలితే వెంట్రుకల కంపు రావాలండీ. ఇది ఉండకట్టింది. ప్లాస్టిక్కు" అని తేల్చాడు. పైగా "మీరు పొయ్యి దగ్గరికి వెళ్ళకండి" అని హితవు చెప్పాడు. ఆ కుటుంబం మాతో మామూలుగా మాట్లాడటానికి మనవడు పుట్టవలసి వచ్చింది.

మామయ్య ఉండే కాలనీ కొండ కింద ఉంది. కొండ నిండా ఎండుగడ్డి, పొదలు. వేసవి వస్తే ఎక్కడో ఒక చోట అంటుకుంటుంది, ఎవరో ఒకరు ఆర్పుతారు. కాలనీ సంఘం ఈ సంగతంతా బాగా ఆలోచించి, ప్రతి ఇంటి చుట్టూ చెక్క కంచే ఉండాలని తీర్మానం చేసింది. అందం కోసమట. సంఘం అధ్యక్షుడికి కలప అడితి ఉంది. అందానికీ అడితికీ ఉన్న చుట్టరికం ఏమిటని ఎవరూ అడగలేదు. మామయ్య నిండు సభలో అడిగాడు.

"నిప్పు ఎప్పుడో వస్తుంది పెద్దాయనా. అందం రోజూ ఉండాలి కదా" అన్నాడు అధ్యక్షుడు.

"నిప్పు కొండ మీంచి దూకి ఇంట్లోకి రాదండీ. దానికి దారి కావాలి. కంచె పట్టుకుని వస్తుంది, గోడ దాకా వచ్చి కిటికీలోంచి లోపలికి తొంగి చూస్తుంది. నేను రాసిన రిపోర్టుల్లో కారణం అన్న గడిలో సగం కంచే."

"అయితే ఏం చెయ్యమంటారు?"

"రాయి, ఇటుక, ఇనుము, సిమెంటు. మొత్తం మార్చలేకపోతే ఇంటికి తగిలే చోట ఆరడుగులైనా మార్చండి. కింద ఆకులు చేరనివ్వకండి."

సభ చప్పట్లు కొట్టింది, అప్పుడే టీ వచ్చింది కాబట్టి.

మామయ్య తన ఇంటికి నడుం ఎత్తు రాతిగోడ కట్టించి, దాని మీద ఇనుప జాలీ పెట్టించాడు. జాలీ నేనే చేశాను, నాకు గేట్లూ గ్రిల్లులూ చేసే వెల్డింగ్ షాపు ఉంది. కాలనీ వాళ్ళు ఆ ఇంటిని జైలు అన్నారు. సంఘం నుంచి నోటీసు వచ్చింది. మామయ్య దాని మూల చించి కాల్చి చూసి, "బాగా మండుతోంది. ఇలాంటివి ఇళ్ళకు పంపడం ప్రమాదం" అని జవాబు రాశాడు.

మధ్యలో ఒక ప్లాస్టిక్ కంచెల వ్యాపారి కూడా దిగాడు. అతని పలకల మీద 'మంటకు లొంగదు' అని ఎర్ర స్టిక్కరు ఉండేది. మామయ్య పుల్ల గీశాడు. ముందు స్టిక్కరు కాలింది. తర్వాత పలక మెల్లగా వంగి నేల చూసింది.

"కాలలేదు కదండీ, కాస్త వంగింది అంతే" అన్నాడు వ్యాపారి.

"నిప్పు కనబడగానే వంగి దణ్ణం పెట్టే కంచె నాకెందుకయ్యా" అన్నాడు మామయ్య.

ఇవన్నీ నవ్వుకునే సంగతులు. నవ్వుకోవడానికి వీల్లేనిది పక్కింటావిడ సంగతి. ఆవిడ ఇంట్లో ఒక్కతే ఉండి బట్టలు కుడుతుంది. భర్త వడ్రంగి. ఆయన పోయే ముందు ఏడాది తన చేత్తో ఇంటి చుట్టూ కంచె కట్టాడు. ప్రతి చెక్క పైఅంచు గుండ్రంగా చెక్కాడు. పనితనం గొప్పది, నేనూ చేతిపని వాణ్ణే కాబట్టి చెబుతున్నాను. కానీ వీధిలో కొండకు అన్నిటికన్నా దగ్గర ఇల్లు అదే. కంచె కొండ వైపు మొదలై తిన్నగా వచ్చి ఆవిడ కుట్టుమిషను ఉన్న కిటికీ పక్కన గోడకు తగులుతుంది.

"ఆ చివరి ఆరడుగులు తీసేయించమ్మా. నా మేనల్లుడు ఇనుముతో చేసిపెడతాడు" అన్నాడు మామయ్య.

"అది మా ఆయన చెయ్యి అన్నయ్యగారూ. ఒక్క చెక్క కదిపినా నేను ఊరుకోను."

"కాలుతుందమ్మా."

"కాలితే నాతోపాటే కాలనివ్వండి."

దాంతో మాటలు ఆగిపోయాయి. మామయ్య మాత్రం రోజూ పొద్దున్నే చీపురు పట్టుకుని వెళ్ళి, ఆవిడ కంచె మొదట్లో ఆకులు ఊడ్చి, గొణుక్కుంటూ తిరిగి వచ్చేవాడు. వీధి వాళ్ళు అది చాదస్తం అన్నారు. ఆవిడ కాపలా అంది.

ఆ వేసవి ముందు ఆవిడ కూతురి పురిటికని మూడు వారాలు ఊరికి వెళ్ళింది. మర్నాడే మామయ్య నా షాపుకు వచ్చాడు.

"ఒరేయ్ అల్లుడూ, ఆరడుగుల కంచె ముక్క కావాలి. పన్నెండు ఇనుప పట్టీలు, పైఅంచు గుండ్రంగా ఉండాలి. చెక్క రంగు వేయించు."

"ఇనుముకి చెక్క రంగా?" నా చేతిలో సుత్తి జారింది. ఇనుము ఇనుములాగే ఉండాలని నా ప్రాణం తీసిన మనిషి ఈయన.

"గీతలు కూడా వేయించు. ఇదిగో, ఈ కాగితం మీద గీసినట్టు. ఏడో పట్టీలో చెక్కకు ఉండేలాంటి ముడి ఒకటి ఉండాలి, కాస్త ఎడంగా."

ముసలితనంలో మతి పోయిందనుకున్నాను. పెయింటరు నాలుగు రోజులు కూర్చుని ఒక్కో గీతా గీశాడు. మామయ్య వచ్చి, పుల్ల గీసి, రంగు మీద పెట్టి చూసి, బండి మీద వేయించుకుని వెళ్ళాడు. పెరట్లో పెట్టుకుంటాడు కాబోలు అనుకుని నేను మర్చిపోయాను.

మంట మే నెలలో వచ్చింది, మధ్యాహ్నం, ఈదురుగాలితో. కాలనీ అందరినీ బడి మైదానానికి తరలించారు. ఫైరింజన్లు వచ్చాయి. మర్నాడు పొద్దున గానీ ఇళ్ళకు వెళ్ళనివ్వలేదు. ప్రాణాలకు ఏమీ కాలేదు. అందం మాత్రం వీధి పొడుగునా బూడిదైంది. అధ్యక్షుడి ఇంట్లో కంచె దారి పట్టి ముందు గది, దాని కిటికీలు, సంఘం దస్త్రాలు కాలిపోయాయి. మామయ్య జైలు మీద మసి తప్ప ఏమీ లేదు.

కుట్టుపనావిడ కంచె కొండ వైపు నుంచి కాలుతూ కాలుతూ వచ్చి ఇంటికి ఆరడుగుల దూరంలో ఆగింది. ఆ చివరి ముక్క నల్లబడి, రంగు పొంగి, నిటారుగా నిలబడి ఉంది. వెనక ఇల్లు ఉంది, కిటికీ ఉంది, లోపల మిషను ఉంది.

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "చూశారా, మా ఆయన పనితనం. అంత మంటనూ ఆపింది" అంది. వీధి వీధంతా తలూపింది. నేను మాత్రం నోరు తెరిచాను. ఎందుకంటే రంగు పెచ్చులూడిన చోట నేను వేసిన వెల్డింగు అతుకు నాకు కనబడింది. వెంటనే మామయ్య నా కాలు తొక్కాడు. గట్టిగానే తొక్కాడు.

ఆయన తొక్కవలసిన కాలు అధ్యక్షుడిది. అతను దగ్గరికి వచ్చి వేలి కణుపుతో కంచె మీద కొట్టాడు. ఖంగుమంది.

"ఇది ఇనుము. అనుమతి లేకుండా కంచె మార్చడం నిబంధనలకు విరుద్ధం" అన్నాడు, ఒంటి నిండా తన ఇంటి మసితో.

ఆవిడ తానే వచ్చి తట్టి చూసింది. ఏడో పట్టీ మీద ముడిని వేలితో తడిమింది. తర్వాత మామయ్య వైపు తిరిగింది. నాకు భయం వేసింది.

"మా ఆయన చెక్కలు ఏవి?"

మామయ్య తన ఇంట్లోకి నడిచాడు. మేమంతా వెనకే వెళ్ళాం. లోపలి గదిలో ఇనుప మంచం మీద పాత దుప్పటిలో చుట్టి పన్నెండు చెక్కలు ఉన్నాయి. వెనకవైపు సుద్దతో ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు వేసి ఉన్నాయి. పక్కన డబ్బాలో మేకులు, ఒక్కటి కూడా వంగలేదు. అత్తయ్య గుమ్మం దగ్గర నిలబడి, "నా బీరువాని బయటికి తోసిన మనిషి. వీటిని మాత్రం రోజూ తుడిచాడు" అంది.

"కాలిన ఇళ్ళ ముందు నిలబడి ఎవరూ ఇంటి గురించి అడగరమ్మా" అన్నాడు మామయ్య, నేల చూస్తూ. "ఒక్క వస్తువు గురించి అడుగుతారు. ముప్ఫై ఏళ్ళు, ఎవరికీ అది మిగిలిందని చెప్పలేకపోయాను. అడగకుండా తీశాను, తప్పే."

ఆవిడ ఏడో చెక్కను తీసి ఒళ్ళో పెట్టుకుంది. భర్త చేతి పనిలో ఇక లోకంలో మిగిలినవి అవే. తర్వాత తలెత్తింది.

"వీటిని కాల్చి చూశారా అన్నయ్యగారూ?"

"లేదమ్మా."

"అన్నీ కాల్చి చూస్తారుగా."

"ఇవి కాలతాయని తెలుసు."

అబద్ధం ఎందుకు, మామయ్యను నేను అంతకుముందు అంతగా ఎప్పుడూ ప్రేమించలేదు.

ఆ చెక్కలతో ఆవిడ బట్టలు కత్తిరించే బల్ల చేయించుకుంది. సంఘం కొత్త తీర్మానం చేసింది, ఇంటికి తగిలే ఆరడుగులూ ఇనుపవే ఉండాలట. ఇది మొదట తనకే తోచిందని అధ్యక్షుడు నాతో చెప్పి, తన కంచెకు చెక్క ముడులు ఎక్కువ వేయమని ఆర్డరిచ్చాడు. నాకు ఇప్పుడు తిండికి తీరిక లేదు.

పోయిన వారం నేను మామయ్య ఇంట్లో ఉండగా ఆవిడ వచ్చి, ఇనుప కుర్చీలకు తాను కుట్టిన నాలుగు దిండ్లు ఇచ్చింది. దూది నిండుగా కూరింది. మామయ్య చెయ్యి దానంతట అది జేబులోకి పోయింది. అగ్గిపెట్టె బయటికి వచ్చింది. ఆవిడ చూసింది, అత్తయ్య చూసింది, నేనూ చూశాను. ఆయన పెట్టెను రెండుసార్లు అటూ ఇటూ తిప్పి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

అత్తయ్య అప్పటికే ఒక దిండు వేసుకుని కూర్చుంది. ఇంక లేచేటట్టు లేదు.