జామీనుకు ఒరిజినల్ పాస్‌పోర్టు కావలెను

నా రెండు కళ్ల మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మస్కట్ పక్కన మబేలాలో నన్నెరిగినవాళ్లు నేను చెప్పేదాంట్లో సగం తీసేస్తారు, మిగతా సగం ఇంకెవరినైనా అడిగితే గానీ నమ్మరు.

2015లో మబేలాలోని ఒక టైపింగ్ సెంటర్‌లో పనిచేసేవాణ్ణి. వీసా కాగితాలు, పోలీసులకూ కోర్టుకూ ఇచ్చే అర్జీలు అరబీలో టైపు చేసి ఇచ్చే కొట్టు అది. నేను లాయర్ని కాను గానీ, ఏ కాగితం ఏ కిటికీలో ఇవ్వాలో ఎరుగుదును. పని లేనప్పుడు కబుర్లు చెప్పేవాణ్ణి. వీసా రెన్యువల్‌కి ఒక ఒంటె వచ్చిందనీ, వేలిముద్ర పడక వెనక్కి పంపేశాననీ చెబితే జనం టీ తాగుతూ వినేవారు.

ఒక బుధవారం మధ్యాహ్నం సుశీల వచ్చింది. భీమవరం వైపు అమ్మాయి, ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. ఆమె భర్త రత్నం నీళ్ల ట్యాంకర్ నడుపుతాడు. ముందురోజు అతని బండి సైకిల్ మీద పోతున్న ఒక కూలీకి తగిలింది. ఆ మనిషి కాలు విరిగింది, ప్రాణానికి భయం లేదు. రత్నాన్ని పోలీసులు లోపల ఉంచారు.

"బెయిల్‌కి ఎంతవుద్దండీ అన్నయ్యగారూ? నేను నైట్ డ్యూటీకెళ్తే పాపని చూసేది ఆయనేనండి. నిన్న పక్కవాళ్ల దగ్గర పడుకోబెట్టాను. ఏడ్చి ఏడ్చి జ్వరం తెచ్చుకుంది."

హ్యాండ్‌బ్యాగును రెండు చేతులతో పొట్టకు అదుముకుని కూర్చుంది. పొద్దున మత్రా బజారులో బంగారు గాజులు అమ్మి తెచ్చిన ఆరు వందల రియాళ్లు, మన లెక్కలో లక్ష రూపాయల దాకా, అందులో ఉన్నాయి. స్టేషన్ బయట ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన కలిసి తాను బెయిల్ ఏజెంటునన్నాడట. ఆరు వందలు తన ఫీజు, అది కడితే సాయంత్రానికల్లా భర్త ఇంట్లో ఉంటాడన్నాడట.

డబ్బు పుచ్చుకుని జామీను నిలబడే వ్యాపారం అమెరికాలో ఉందని విన్నాను గానీ ఒమాన్‌లో నేనెన్నడూ చూడలేదు. అక్కడ ఉన్నది కఫాలా, అంటే పూచీకత్తు. నేను చూసిన కేసుల్లో అది మూడు రకాలుగా నడిచేది. కంపెనీ హామీ లెటర్ ఇవ్వాలి. లేదా తెలిసినవాడెవడైనా తన పాస్‌పోర్టు అప్పగించి, పిలిచినప్పుడు ఈ మనిషిని నేను తీసుకొస్తానని సంతకం పెట్టాలి. ఈ రెండూ చాలవంటే డబ్బు డిపాజిట్ కట్టమంటారు. ఆ డబ్బు ఆఫీసు కౌంటర్లోనే కట్టాలి, రసీదు తీసుకోవాలి. మనిషి వాయిదాలకు సరిగ్గా హాజరైతే కేసు ముగిశాక అది తిరిగొస్తుంది. లాయర్ ఫీజు వేరే, అది తిరిగిరాదు. దెబ్బ తిన్నవాడికిచ్చే పరిహారం మామూలుగా బండి ఇన్సూరెన్స్ వాళ్లు చూసుకుంటారు.

ఇదంతా విడమరిచి చెప్పాను. ఆమె నా మొహంలోకి చూసింది.

"ఒంటె సంగతి చెప్పింది కూడా మీరే కదండీ."

ఆ ఇస్త్రీ చొక్కాకి ఉన్న నమ్మకం నా మొహానికి లేదు. "నన్ను నమ్మొద్దమ్మా," అన్నాను. "ఆయనకే ఫోన్ చెయ్యి. నీ భర్త పేరు, కేసు నంబరు రాసి రసీదు ఇస్తాడేమో అడుగు."

స్పీకర్ పెట్టి అడిగింది. రసీదులు తర్వాత వస్తాయి, ముందు డబ్బు తెండి, టైమ్ లేదు అన్నాడు. మళ్లీ అడిగితే పెట్టేశాడు. మూడోసారి ఫోనే కలవలేదు. ఆమె బ్యాగు జిప్పు మూసేసింది.

"చార్టులో రాయకుండా మేం మాత్ర కూడా ఇవ్వమండి," అంది మెల్లగా.

ఏజెంటు బెడద వదిలింది గానీ రత్నం ఇంకా లోపలే ఉన్నాడు. కంపెనీ లెటర్ మీద సంతకం చేయాల్సిన అర్బాబ్, అంటే యజమాని, దేశంలో లేడు. ఆదివారం వస్తాడన్నారు. అక్కడ శుక్ర, శనివారాలు సెలవు కాబట్టి గురువారం మధ్యాహ్నం దాటితే ఆఫీసులు మళ్లీ ఆదివారమే తెరుస్తారు. ఇక మిగిలింది పాస్‌పోర్టు దారి.

సాయంత్రం ఆమె ప్రార్థన గ్రూపు నుంచి ఆరుగురు వచ్చారు. ఒక్కరూ వెనకాడలేదు. ఆరుగురూ పాస్‌పోర్టులు బల్ల మీద పెట్టారు. ఆరూ జెరాక్సులే. ఒకాయనైతే లామినేషన్ కూడా చేయించాడు.

"ఒరిజినల్ ఏదండీ?"

"కంపెనీలో ఉంటది కదండీ," అన్నాడాయన, ఇదేం ప్రశ్న అన్నట్టు.

సుశీలది ఆసుపత్రి ఆఫీసులో ఉంది. నాది రెన్యువల్‌కి ఇచ్చాను. అన్నేళ్లుగా దేశంకాని దేశంలో ఉన్నాం, మా పేరున్న పుస్తకం మా చేతిలో లేదన్న సంగతి ఆ పూట గానీ తట్టలేదు. లామినేషన్ ఆయన తన కాగితాన్ని మళ్లీ జేబులో పెట్టుకుని ఎటో చూస్తూ నిలబడ్డాడు.

పక్క కొట్టు టైలర్ జిలానీ భాయ్ కడపాయన. మెడలో టేపుతో గుమ్మంలోకొచ్చాడు.

"ఏం మాస్టర్, కొట్లో ఇంత మందున్నారు, నవ్వు ఇనపడలేదే?"

విషయం చెప్పాను. అతను టేపును వేలికి చుట్టుకున్నాడు. వచ్చే వారం శుక్రవారం కడపలో అతని తమ్ముడి నికాహ్. సెలవు మంజూరై, మంగళవారమే పాస్‌పోర్టు చేతికొచ్చింది.

"నాది ఉండాది. ఇస్తే మల్లా ఎప్పుడిస్తారు?"

"అర్బాబ్ ఆదివారం వచ్చి లెటరిస్తే నీది బయటికొస్తుంది. రాకపోతే ఇరుక్కుంటావు భాయ్."

"ఆదివారం వస్తాడనేది నిజమేనా, ఇది గూడా ఒంటె కతనా?"

"వస్తాడన్నారు. నాకంతే తెలుసు."

సుశీల లేచింది. "వద్దండీ భాయ్. మీ ఇంట్లో శుభకార్యం పెట్టుకుని..."

"నువ్వు కూచోమ్మా. పాపకు జరం తగ్గిందా?"

గురువారం పొద్దున ముగ్గురం జామీను కాగితాలు తీసుకునే ఆఫీసుకి వెళ్లాం. కిటికీ ముందు లైను కదలదు, గోడ గడియారం మాత్రం పరిగెడుతోంది. సుశీల పెదవులు ప్రార్థనలో కదులుతున్నాయి. కిటికీ మూసే ముందు మా వంతు వచ్చింది. ఇతను పారిపోతే బాధ్యత నీదని ఆఫీసరు చెప్పింది నేను తర్జుమా చేశాను. జిలానీ సంతకం పెట్టాడు.

"మబేలా దాటితే ఆయనకి దోవ తెలీదు. యాడికి పారిపోతాడు?" అన్నాడు నాతో. అది నేను తర్జుమా చేయలేదు.

మధ్యాహ్నం రత్నం బయటికొచ్చాడు. మాసిన చొక్కాతోనే తిన్నగా పాప దగ్గరికి పోయాడు.

అర్బాబ్ ఆదివారం రాలేదు. తర్వాతి వారమూ రాలేదు. జిలానీ టికెట్ పోయింది. కానీ కడపలో ఆ తమ్ముడు, అన్న లేకుండా నేను కూర్చోనని నికాహ్ వాయిదా వేయించాడు. లెటర్ వచ్చి పాస్‌పోర్టు చేతికందాక జిలానీ వెళ్లి, దగ్గరుండి జరిపించి వచ్చాడు.

ఆ తర్వాత బెయిల్‌కి ఎంతవుతుందని అడిగిన ప్రతి కుటుంబానికీ రసీదు లేకుండా ఒక్క బైసా, అంటే అక్కడి పైసా, ఇవ్వొద్దని ముందు చెప్పేవాణ్ణి. మీ పాస్‌పోర్టు మీ దగ్గర ఉంచుకోండని కూడా చెప్పేవాణ్ణి. ఆపైన, మీ కోసం సంతకం పెట్టేవాడికి ఆ నెలలో ఏం పనులున్నాయో కనుక్కోమనేవాణ్ణి. ఖర్చు ఆయన వైపు కూడా ఉంటుంది.

ఇక ఒట్టు సంగతి. ఒక్కచోట కల్పించాను. నికాహ్ వాయిదా పడలేదు. హాలు మాట్లాడేశారు, చుట్టాలు దిగేశారు, ఎవరాగుతారు? ఆ శుక్రవారం జిలానీ కొట్టు షట్టరు సగం దించుకుని కూర్చున్నాడు. అప్పట్లో అక్కడ వీడియో కాల్స్ కలిసేవి కావు, మామూలు ఫోనే. రత్నం దాన్ని స్పీకర్‌లో పెట్టి పట్టుకున్నాడు. ఖాజీ అడగడం, తమ్ముడు ఖుబూల్ అనడం వినిపించాయి. జిలానీ టోపీ సర్దుకుని లేచి దువా చేయడానికి చేతులెత్తాడు. ఏం చేయాలో తెలియక రత్నం కూడా లేచి, ఫోను అతని చెవికి ఇంకాస్త దగ్గరగా పట్టుకుని నిలబడ్డాడు.