ఛేర్మను తిన్న ఇల్లు

మా మేనమామ పోయారన్న మాట నాకు చింతామణి పట్టుగూళ్ళ మార్కెట్లో తెలిసింది. బట్లహళ్ళి నుంచి గూళ్ళు తెచ్చిన ఒకాయన నన్ను చూసి, "ఏమప్పా, నువ్వింకా ఈడే ఉండావా? మీ మామ పొద్దన్నే పోయినాడంట కదా" అన్నాడు. అప్పటికే నా గూళ్ళు వేలానికి పోసి ఉన్నాయి. వేలం అయ్యేదాకా ఆగి, ఆ తర్వాతే బస్సెక్కాను. వదిలేసి వస్తే గూళ్ళు చెడిపోతాయని నాకు నేనే చెప్పుకున్నాను. నేను పక్కూళ్ళోని ఆయన ఇంటికి చేరేసరికి ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టారు. తల దగ్గర మా తమ్ముడు కూర్చుని ఉన్నాడు.

ఆయన చాలా ఏండ్లు మా పంచాయితీకి ఛేర్మనుగా ఉన్నారు. పదవి పోయాక కూడా చుట్టుపక్కల పల్లెలవాళ్ళు ఛేర్మనప్పా అనే పిలిచేవారు. గట్టు తగువులు, నీళ్ళ తగువులు, మొగుడూ పెండ్లాల కొట్లాటలు అన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. ఆయన మాటకారి కాదు. నలుగురిలో మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయి, వేళ్ళు విరుచుకుంటూ, మాట దొరికేదాకా ఊరికే ఉండేవారు. అయినా ఆయన తీర్చిన తగువు మళ్ళీ లేచిందని నేను వినలేదు.

దానికి కారణం ఆయన అలవాటేనని నా నమ్మకం. పంచాయితీకి ముందే రెండు పక్షాలనూ విడివిడిగా విని, తప్పు ఎవరిదో తేల్చుకునేవారు. పంచాయితీ నాటి పొద్దున్నే ఆ తప్పు చేసినవాళ్ళింటికి వెళ్ళి, అడిగి పెట్టించుకుని రాగిసంగటి తినేవారు. తిన్న తర్వాతే వచ్చి పాల డైరీ అరుగు మీద కూర్చునేవారు. ఈ సంగతి అందరికీ తెలుసు. ఆ రోజు ఆయన ఏ వీధిలోకి తిరుగుతారా అని ఆడవాళ్ళు వాకిళ్ళలో నిలబడి చూసేవాళ్ళు. కోడలు కుండ పగలగొట్టి కాదని బుకాయిస్తే, "పో, పొయ్యి ఛేర్మనప్పకు ముద్ద గెలుకు" అనేది అత్త. తప్పు ఒప్పుకో అని దానర్థం.

తప్పు చేసినవాడికి ఈ మర్యాద ఎందుకని నేనొకసారి అడిగాను.

"వాడు రేపు గూడా ఈ ఊర్లోనే బతకాల కదప్పా" అన్నారు. వేళ్ళు విరుచుకున్నారు. "నేను తినొచ్చిన ఇంటోన్ని నా ముందర ఎవరన్నా వాడూ వీడూ అంటారా? అనలేరు. వాడు గూడా తల ఎత్తుకోని కూసుంటాడు. తల దించుకున్నోనికి అవమానమే గుర్తుంటాది, మనం చెప్పింది గుర్తుండదు."

హరిజన కాలనీ మనిషి ఒకాయన పెద్ద రైతు చేన్లో చెనక్కాయ పెరికాడని తగువు వచ్చింది. మామ కాలనీకి పోయి, ఆ గుడిసె ముందర అందరికీ కనపడేలా కూర్చుని తిన్నారు. ఆ కాలంలో అది చిన్న విషయం కాదు. రైతుకు మండింది. "ఏమి ఛేర్మనూ, మా ఇంటి ముద్ద నీకు చేదా?" అన్నాడు. "నీ ఇంట్లో తినే రోజు గూడా వస్తాది లేప్పా, ఎందుకంత తొందర?" అన్నారు మామ. రైతుతో సహా అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే సగం తగువు పోయింది.

నేనూ నవ్వాను. నా వంతు వచ్చినప్పుడు నవ్వలేకపోయాను.

మేం అన్నదమ్ములం భూమి పంచుకున్నా బావి ఒకటే, మోటారు ఒకటే. ఒక రోజు నాది, ఒక రోజు తమ్ముడిది. ఆ వేసవిలో నా పట్టుపురుగులు బాగా ఆకు తినే దశకు వచ్చాయి, మల్బరీ తోట వాడుముఖం పట్టింది. బిడ్డకు బాగాలేక తమ్ముడు చింతామణి ఆస్పత్రికి పోయిన రోజున, వాడి వంతు నీళ్ళు నేను పెట్టుకున్నాను. వాడు వచ్చి అడిగాడు. మాటా మాటా పెరిగి, వాడి పెండ్లాం చూస్తుండగానే వాణ్ణి కాలవలోకి తోశాను. పంచాయితీ పెట్టారు.

ఆ పొద్దున్నే మామ మా వీధిలోకి తిరగడం చూశాను. నా భార్య లోపల సంగటి గెలుకుతూ ఉంది.

"ఏమప్పా, ఇంట్లోనే ఉండావా? ఏమ్మా, ముద్ద అయిందా?" అంటూ వచ్చి గడప దగ్గర చెప్పులు వదిలారు.

ఎదురింటివాళ్ళు బయటికొచ్చి చూస్తున్నారు. ఆయన మా ఇంట్లో తింటే నేను ఓడిపోయినట్టేనని, తినకపోతే తీర్పు ఇంకా తేలనట్టేనని నా బుద్ధికి తోచింది.

"ఇంకా కాలేదు మామా. పురుగులకు ఆకేసేదానికే సరిపోయింది. ఈ పొద్దు పొయ్యే వెలిగించలేదు" అన్నాను.

వేడి సంగటి వాసన వాకిటి దాకా వస్తోంది. నా భార్య చేతిలో గెలికే కట్టెతోనే వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఆయన ఆమె చేతి వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నారు.

"కానీలేప్పా. పురుగులు నోరు తెరిచి అడగలేవు, వాటికి ముందు పెట్టాల్సిందే" అని చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయారు.

డైరీ దగ్గర జనం బాగా చేరారు. తమ్ముడు జరిగింది చెప్పాడు. నేను పురుగుల గురించి చెప్పబోతుంటే వెనక నుంచి ఎవరో, "నీళ్ళ దొంగకు మాటలేమిరా?" అన్నాడు. ఛేర్మను మా ఇంటికి వచ్చి, తినకుండానే తిరిగిపోయారని ఊరికంతా తెలిసిపోయింది మరి. ఇంకొకడు, "వాన్ని లేచి నిలబడమనండి" అన్నాడు.

మామ వేళ్ళు విరుచుకుంటూ ఉన్నారు. మాట దొరకలేదనుకున్నాను.

"ఎవరప్పా ఆ మాటన్నది?" అన్నారు. "నేను ఇప్పుడే వాళ్ళింట్లో ముద్ద తినొస్తాండా. వాళ్ళు పొయ్యి కాడ కూసోబెట్టి పెట్టినారు. నేను తినొచ్చిన ఇంటోన్ని దొంగంటావా?"

తినలేదని తెలిసినవాళ్ళు కూడా ఆయన మాటను కాదనలేకపోయారు. ఆయన అబద్ధం చెప్పగా నేను విన్నది ఆ ఒక్కసారే. ఆడవాళ్ళ మధ్య నుంచి నా భార్య లేచి ఇంటికి వెళ్ళిపోయింది. వంతు నాది కాదని, తమ్ముణ్ణి తోయడం తప్పేనని నేనే చెప్పాను. తల ఎత్తి మాత్రం చెప్పలేకపోయాను. నా తర్వాతి వంతు తమ్ముడికి ఇవ్వాలన్నారు. ఇచ్చాను.

ఆ తర్వాత ఆయన ఎన్నోసార్లు మా ఇంటికి వచ్చారు. తిన్నారు. ఊరగాయ బాగుందని నా భార్యను మెచ్చుకునేవారు. ఆ పొద్దు మాట ఒక్కసారీ ఎత్తలేదు. నేను ఎత్తాలనుకుంటూనే ఏండ్లు గడిపాను. తమ్ముడూ నేనూ ఈ రోజు ఒక్కమాట మీద ఉన్నామంటే అది ఆయన పెట్టిన భిక్ష. ఆ మాట ఆయనతో అనలేదు. ఆయన పాడె మోస్తుంటే నా ముందున్న తమ్ముడు వెనక్కి తిరిగి, "భుజం మార్చుకుంటావా అన్నా?" అని అడిగాడు. వద్దన్నాను.

పంచాయితీ అయిన ఆ మధ్యాహ్నం ఆయన ఎవరింటికీ వెళ్ళలేదు. తిన్నానని చెప్పాక ఇంకొకరింట్లో ఎలా తింటారు? మా తోట పక్క దారినే వాళ్ళ ఊరికి బయల్దేరారు. నేను మల్బరీ సాళ్ళలో ఉన్నాను. పిలవాలని నోటి దాకా వచ్చింది, పిలవలేదు. కరెంటు వచ్చి తమ్ముడి వంతు నీళ్ళు కాలవలో పారుతున్నాయి. ఆయన పైపు దగ్గర ఆగి, పంచె ఎగగట్టుకుని వంగారు. దోసిలి పట్టి తాగారు. మళ్ళీ పట్టారు, మళ్ళీ తాగారు. చాలాసేపు అలాగే వంగి తాగుతూ ఉండిపోయారు.