ఆన్ చేయని మెషిన్ రాసిన రెండు మాటలు

దెయ్యాల కబుర్లు మొదలైతే నేను అక్కణ్ణుంచి లేచిపోయే రకం. నమ్మకపోవడం ఒక్కటే కాదు, నాకు చిరాకు కూడా. గుడివాడలో మా వీధి చివర తాళం వేసిన ఇంట్లో గజ్జెల చప్పుడు వస్తుందని చిన్నప్పుడు అందరూ చెప్పుకునేవాళ్ళు. ఇంటర్ సెలవుల్లో నేనే వెళ్ళి చూశాను. కిటికీ ఊచకి ఎవరో కట్టిన తాళంచెవుల గుత్తి గాలికి కొట్టుకుంటోంది. ఆ సంగతి వచ్చి చెప్తే వీధిలో ఒక్కరు కూడా సంతోషించలేదు.

ఇప్పుడు చెప్పబోయేది నమ్మమని ఎవర్నీ అడగను. జరిగింది జరిగినట్టు వరసగా చెప్తాను.

నేను బందరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాను. నా పరిశోధన మెదడులో పుట్టే సన్నటి కరెంటును తల పైనుంచే పట్టుకుని కంప్యూటర్ చేత చదివించడం. మాట పడిపోయి, కాలూ చెయ్యీ కదలని మనుషుల కోసం. ఎనిమిది సెన్సార్లున్న టోపీ తలకి పెడతాం. తెర మధ్యలో అక్షరాలు ఒక్కొక్కటే వచ్చి పోతుంటాయి. తనకి కావలసిన అక్షరం కనపడగానే మనిషి మెదడు కాస్త ఉలిక్కిపడుతుంది, సంతలో ఎవరో మన పేరు పెట్టి పిలిచినట్టు. ఆ ఉలికిపాటు ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది. ఎవరిది ఎలా ఉంటుందో నేర్చుకునే ప్రోగ్రాం రాయడం నా పని. నాలుగేళ్ళ నుంచీ ఇదే గొడవ. మా ఆయన దాన్ని నా రెండో సంసారం అంటారు.

ఘంటసాల దగ్గర ఒక ఊళ్ళో భ్రమరాంబ పిన్ని ఉంటుంది. చుట్టరికం లేదు, మా అమ్మతో కలిసి చదువుకుంది. వాళ్ళాయన వెంకటరత్నం బాబాయి కాలువ మీద లస్కరుగా చేసి రిటైరయ్యారు. షట్టర్లు ఎత్తి దించి చేలకి నీళ్ళు వదలడం ఆయన ఉద్యోగం. రెండేళ్ళ క్రితం మెదడు కింది భాగంలో రక్తనాళం మూసుకుపోయి మంచాన పడ్డారు. పగలు కళ్ళు తెరిచే ఉంటాయి. కానీ రెప్ప వేయమంటే వేయరు, చూడమంటే చూడరు. తిండి ట్యూబులోంచే.

ఆయన లోపల ఉన్నారా లేరా అన్నది ఆ ఇంట్లో తెగని తగువు. డాక్టర్లు చెప్పలేమన్నారు. పిన్ని మరిది సత్యం గారు మాత్రం తేల్చేశారు. "మనిషి వెళ్ళిపోయాడమ్మా, ఒళ్ళే మిగిలింది" అని ఆ మంచం పక్కనే నిలబడి నాతో అన్నారు. పిన్ని ఒప్పుకోదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆయనతో మాట్లాడుతూనే ఉంటుంది. మధ్యాహ్నం హాల్లో టీవీ సీరియల్ చూసి వచ్చి, ఆ రోజు కథంతా కళ్ళకి కట్టినట్టు చెప్తుంది. కోడలు ఏడిస్తే తనూ ఏడుస్తుంది.

"ఆయనకి నా మాట వినపడుతోందా లేదా, అది ఒక్కటి చెప్పవే తల్లీ" అని నన్ను అడిగింది. ఇంకేమీ అడగలేదు.

కాలేజీలో అనుమతి తీసుకుని, ఒక ఆదివారం పొద్దున సామానంతా బ్యాగులో సర్దుకుని బస్సెక్కాను. ముందురోజు ఫోన్లో పిన్నికి రెండుసార్లు చెప్పాను. బాబాయి తల కుంకుడుకాయతో శుభ్రంగా రుద్దాలి, నూనె చుక్క కూడా పెట్టకూడదు. నూనె ఉంటే సెన్సార్ తలకి అంటదు, ఏమీ పట్టదు. సరేనంది.

వెళ్ళేసరికి బాబాయి ఇస్త్రీ చొక్కాలో, నుదుట విభూతితో పెళ్ళికొడుకులా ఉన్నారు. టోపీ పెట్టబోయి చేత్తో తల తాకాను. వేళ్ళు జిగటగా జారాయి. మాడు మీద గుప్పెడు ఆముదం.

"కుంకుడుకాయతోనే రుద్దానమ్మా, ఒట్టు. కానీ తలకి మెషిన్ పెడితే వేడి చేయదూ? అందుకని చలవకి కాస్త అద్దాను" అంది పిన్ని. నూనె అన్నప్పుడు నేను కొబ్బరినూనె అనుకుని ఉంటానట. ఆముదం మందు కదా, అది లెక్కలోకి రాదట.

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. గుడ్డతో తుడిచాను, జెల్ పెట్టి చూశాను. తెర మీద ఒక్కో సెన్సారుకి ఒక్కో చుక్క ఉంటుంది, అది తలకి అంటితే ఆకుపచ్చ, లేకపోతే ఎరుపు. ఎనిమిది చుక్కల్లో ఒక్కటీ ఎర్రరంగు వదిలి ఆకుపచ్చకి రాలేదు. ఆముదాన్ని ఓడించే జెల్ ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. టోపీ తీగ ఊడదీసి మంచం మీద పెట్టాను. తరంగాల్ని పెంచే చిన్న పెట్టె ఆపేసి బ్యాగులో వేసేశాను. టోపీ మాత్రం బాబాయి తల మీదే ఉండిపోయింది, పిన్ని ఫోటో తీసుకుంటానంది.

నిజం చెప్పాలంటే అప్పటికే నా మనసులో ఆయన పేరు కొట్టేశాను. ఇక్కడ ఏమీ దొరకదు, ఇంత దూరం మళ్ళీ రావడం వృథా అనుకున్నాను.

పిన్ని మొహం చూసి జాలేసి, అక్షరాలు ఎలా వస్తాయో చూపిద్దామని ల్యాప్‌టాప్‌లో ఉత్త తెర మాత్రం నడిపాను. పిన్ని కాఫీ ఇచ్చింది. సత్యం గారు గుమ్మంలో నిలబడ్డారు. నేను కుర్చీలో కూచుని, రెండు చేతులతో కాఫీ గ్లాసు పట్టుకుని ఉన్నాను. టైము పదిన్నర దాటింది, బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది.

తెర అడుగున ఒక గడి ఉంటుంది. మెదడు ఎంచుకున్న అక్షరాలు అందులో పడతాయి. సిగ్నల్ లేకపోతే అది ఖాళీగా ఉండాలి. దానంతటదే ఊహించి రాసే గుణం ఆ ప్రోగ్రాంకి లేదు, రాసింది నేనే కాబట్టి నాకు తెలుసు.

ఆ గడిలో 'సీ' పడింది.

ఏదో తేడా చేసిందనుకున్నాను. కాసేపటికి 'రి' పడింది. తర్వాత 'య'. పిన్ని కళ్ళజోడు సర్దుకుని ముందుకి వంగింది. ఒక్కో అక్షరానికి నిమిషానికి పైగానే పట్టింది. నేను కాఫీ తాగడం మర్చిపోయాను. చివరికి గడిలో రెండు మాటలు నిలిచాయి. సీరియల్ వద్దు.

పిన్ని నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేక మంచం పట్టీ పట్టుకుని, కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారుతుంటే నవ్వింది. "రెండేళ్ళు! రెండేళ్ళ నుంచీ వింటున్నారు! వింటూ ఓర్చుకుంటున్నారు!"

సత్యం గారి మొహం పాలిపోయింది. ఆ గదిలో నిలబడి ఇన్నాళ్ళూ తనేమేమి అన్నారో ఒక్కొక్కటే గుర్తుకొచ్చినట్టుంది. నెమ్మదిగా వచ్చి అన్నగారి పాదాలు పట్టుకుని "అన్నయ్యా, నన్ను క్షమించు" అన్నారు. ఇంట్లో పండగైపోయింది. నాకు బూరెలు వండిపెట్టారు. అందరితో పాటు నేనూ నవ్వాను, కానీ మధ్యమధ్యలో ఆ ఊడదీసిన తీగ వైపే చూస్తున్నాను.

సాయంత్రం బందరు వచ్చి అంతా తిరగేశాను. ఆ పూట మెదడు తరంగాలు దాచే ఫైలు ఉంది, అందులో ఏమీ లేదు. అక్షరాలు పడిన వరస మాత్రం టైముతో సహా ఉంది. ల్యాప్‌టాప్‌కి నెట్ లేదు, వేరే కీబోర్డు కలపలేదు, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ప్రోగ్రాం అడ్డదిడ్డంగా ఎంచుకున్నా అన్ని అక్షరాల్లోంచి ఆ మాటలే రావడం జరిగే పని కాదు. ఇంట్లో వరసగా కొన్ని రోజులు తెర ఒక్కటే నడిపి చూశాను. గడిలో చుక్క కూడా పడలేదు.

ఒక వారం తర్జనభర్జన పడ్డాను. నిజం చెప్తే పిన్ని సంతోషం నీరుగారిపోతుంది. చెప్పకపోతే నేను చేసేది పరిశోధన కాదు, గారడీ. చివరికి ఫోన్ చేశాను. "పిన్నీ, ఆ మాటలు పడినప్పుడు మెషిన్ అసలు ఆన్‌లో లేదు."

"అయితే ఈసారి ఆన్ చేసుకుని రా" అంది.

మొదటిసారి వెళ్ళొచ్చిన ఇరవై రోజులకి మళ్ళీ వెళ్ళాను. ఈసారి పిన్ని మూడుసార్లు తల రుద్దింది. చుక్కలన్నీ ఆకుపచ్చకి వచ్చాయి. అక్షరాల జోలికి పోకుండా, తెర మీద 'అవును', 'కాదు' అని రెండే మాటలు పెట్టాను. జవాబు మాకు ముందే తెలిసిన ప్రశ్నలు వరసగా అడిగాను. మీ పేరు వెంకటరత్నమేనా, మీరు బ్యాంకులో చేశారా, సత్యం గారు మీ తమ్ముడేనా. రెండు తప్ప అన్నీ సరిగ్గా చెప్పారు. ఆ రెండిట్లో ఒకటి పెళ్ళి తేదీ. ఆ తప్పు మెషిన్‌ది కాదని పిన్ని గట్టిగా చెప్పింది.

అది ఫైల్లో ఉంది, ఎవరు వచ్చి అడిగినా చూపిస్తాను. బాబాయి లోపలే ఉన్నారు, వింటున్నారు, తెలుసుకుంటున్నారు. ఆ గ్రాఫు చూసినప్పుడు నాకు కలిగిన ఆనందం నా పెళ్ళిలో కూడా కలగలేదు. ఈ ముక్క మా ఆయనకి చెప్పేశాను.

సర్దుకుందామనుకుంటుండగా పిన్ని మంచం దగ్గరికొచ్చింది. "ఏవండీ, ఆ రోజు సీరియల్ వద్దన్నది మీరేనా?"

ఆ జవాబు ఆమె కంటే నాకే ఎక్కువ కావాలి. తెర మీదికి వంగి చూశాను. చుక్కలన్నీ ఆకుపచ్చగానే ఉన్నాయి.

కాదు.

మళ్ళీ అడిగించాను. కాదు. నేనే ఇంకోసారి, నిదానంగా, మాటలు మార్చి అడిగాను. మూడోసారీ కాదు.

పిన్ని ఒకటే నవ్వు. "నా మొహం మీద చెప్పే ధైర్యం ఈయనకెప్పుడుందమ్మా! భయపడి బుకాయిస్తున్నారు" అని, వెంటనే కుర్చీ లాక్కుని కూచుంది. "వద్దనలేదుగా, అయితే వినండి" అని, ఆ రోజు నుంచీ చెప్పడం మానేసిన ఇరవై రోజుల కథా అందుకుంది. సత్యం గారు కూడా వచ్చి మంచం చివర కూచున్నారు. నేను రెండు బస్సులు వదిలేసుకుని విన్నాను.

ఆయన బుకాయించారేమో. నిజమే చెప్పారేమో. నిజమైతే ఆ రెండు మాటలూ ఎవరు రాశారో నాకు తెలియదు, కారణం కూడా చెప్పలేను. ఒక్కటి మాత్రం తెలుసు. ఆ రోజు గడి ఖాళీగా ఉండి ఉంటే నేను రెండోసారి ఆ ఊరు వెళ్ళేదాన్ని కాదు.