గ్లాసు కింది అరటి నార

అవునమ్మా, నిన్న వీడియో కాల్లో నా గ్లాసు కింద నువ్వు చూసింది అరటి నారతో చేసిన కోస్టరే. మా ఎదురింటావిడ చేసిచ్చింది. గెలలు కొట్టేశాక రావులపాలెం తోటల్లో మిగిలిన బోదెల నుంచి నార తీసి, ఎండబెట్టి, గుండ్రంగా చుట్టి, అంచుకి జాకెట్టు ముక్కలు కుట్టేది. ఎవరింట్లో శుభకార్యమైనా అదే కానుక. ఇచ్చి ఊరుకోదు. దాని మీద తడి గ్లాసు పెట్టించి, కింద బల్లని వేళ్ళతో తడిమి, "చూశారా, చుక్క తడి లేదండీ" అనేది.

ఒకసారి తన తోడికోడలి గృహప్రవేశానికి నన్ను తోడు తీసుకెళ్ళింది. వాళ్ళిద్దరికీ ఏళ్ళుగా మాటల్లేవు. పిలుపైతే వచ్చింది గానీ, తనతో కూర్చుని కాఫీ తాగుతుందో లేదోనని దారంతా ఆవిడకి ఒకటే బెంగ.

తోడికోడలు పొట్లం విప్పి, మొహం చూడకుండానే, "బాగున్నాయి. దేవుడి గదిలో కుందుల కింద పెడతాను" అంది.

"దేవుడికి ఇంకో జత తెస్తాను గానీ, వీటి మీద మనిద్దరికీ కాఫీ పెట్టవే" అందీవిడ.

"ఇంకా అదే పెత్తనం!" అంటూ తోడికోడలు ఆవిడ చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది. నన్ను హాల్లోనే మర్చిపోయారు. చాలాసేపటికి ఇద్దరూ కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుకుంటూ బయటికొచ్చారు.

బస్సెక్కగానే అడిగాను. ఆవిడ నవ్వి కిటికీ వైపు తిరిగిపోయింది. ఇప్పటికీ కనబడినప్పుడల్లా అడుగుతూనే ఉన్నాను: "ఆ వంటింట్లో ముందు కళ్ళనీళ్ళు పెట్టుకుందెవరండీ?"